పెద్దల ఓపీకి తోడు వెళ్లేటప్పుడు

నాకు 9వ ఏట టైప్ 1 మధుమేహం, అంటే రోజూ ఇన్సులిన్ తీసుకోవాల్సిన రకం, వచ్చింది. 18 నిండాక పిల్లల ఓపీ వదిలి పెద్దల ఓపీకి మొదటిసారి వెళ్తే వరుసలో అందరూ తాతయ్యలే. అడగాలనుకున్నవి అడగకుండానే బయటికొచ్చాను. ఇప్పుడు ఇదే జబ్బుతో మొదటిసారి పెద్దల ఓపీకి వెళ్లే, నాకంటే చిన్నవాళ్లకు తోడు వెళ్తున్నాను.

మీరూ వెళ్తుంటే, ముందురోజు సాయంత్రమే ఒక కాగితం రాయించండి: ఏ ఇన్సులిన్, పూటకు ఎన్ని యూనిట్లు, చివరి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష) ఎంత, కళ్లకూ కిడ్నీలకూ పరీక్షలు ఎప్పుడు చేయించారు. దాని కింద డాక్టరును అడగాలనుకున్న మూడు ప్రశ్నలు. రాయాల్సింది వాళ్లే. అమ్మ చేతిరాత అయితే డాక్టరు అమ్మతోనే మాట్లాడతారు, చూశాను.

వరుస కదలదు, టిఫిన్ ఆలస్యమవుతుంది. సంచిలో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ వేలు గుచ్చి చూడాలి.

మోతాదు మార్చమని మాత్రం మీరు చెప్పకండి. నాకు సరిపోయిన యూనిట్లు వాళ్లకు ప్రమాదం కావచ్చు. చక్కెర చూసే మీటరులో 320 కనిపించినా ముఖం చిట్లించకండి. చిట్లిస్తే తర్వాతిసారి మీటరు ఇంట్లో మరిచిపోయి వస్తారు.

అసలు మాటలు ఓపీ నుంచి బయటికొచ్చాక టీ బండి దగ్గర మొదలవుతాయి: హాస్టల్లో ఇన్సులిన్ ఎక్కడ దాచాలి, పెళ్లిచూపుల్లో ఎప్పుడు చెప్పాలి. అందుకే ఆ రోజు మరో పని పెట్టుకోను.