పానిక్, మెదడు, మందులు: 4వ పాఠం – తోడు వేసిన గిన్నె కదపొద్దు

ఈసారి నోరడ్రినలిన్ (ఒంటిని అప్రమత్తం చేసే రసాయనం) గురించి రాస్తానన్నాను. అది ఆగాలి. పోయిన పాఠం చదివి బెంగళూరు మారతహళ్లి నుంచి ఒకాయన ఎస్సిటాలోప్రామ్ (పానిక్‌కి రోజూ వేసుకోవాల్సిన మాత్ర) స్ట్రిప్ జేబులో పెట్టుకుని, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పానిక్ అటాక్ (హఠాత్తుగా వచ్చే విపరీతమైన భయం, దడ) వచ్చినప్పుడల్లా ఒకటి మింగారట. ఇంకొకావిడ రోజూ వేసుకున్నారు గానీ, నాలుగో రోజు దడ ఎక్కువైందని మానేశారు. తప్పులో సగం నాదే. ఈ మాత్రతో సెరటోనిన్ అనే మెదడు రసాయనం పెరుగుతుందని రాశాను, పని చేయడానికి ఎన్నాళ్లు పడుతుందో రాయలేదు.

రిసెప్టర్ అంటే కణం మీద రసాయనాన్ని పట్టుకునే తాళం లాంటిది, మిగతాది రెండో పాఠంలో ఉంది.

మాత్ర పడిన కొన్ని గంటల్లోనే, సెరటోనిన్‌ను కణంలోకి వెనక్కి లాక్కునే పంపు చాలావరకు మూతపడుతుంది. కానీ సెరటోనిన్‌ను వదిలే కణం మీదే కాపలా రిసెప్టర్లు కొన్ని ఉంటాయి. బయట సరుకు ఎక్కువైందని పసిగట్టి, అవి ఆ కణం జోరు తగ్గిస్తాయి. రోజూ మాత్ర పడుతూ ఉంటే కొన్ని వారాలకు ఆ కాపలా మొద్దుబారి, కణం మళ్లీ జోరందుకుంటుంది. ఆలస్యానికి ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. పాలలో తోడు వేసి గంటకోసారి గిన్నె కదిపితే పెరుగవుతుందా?

మొదటి వారం దడ కాస్త పెరగడం మామూలే. అందుకే డాక్టర్లు ఎస్సిటాలోప్రామ్ 5, అదే కోవకు చెందిన సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ఎక్కువైతే వాళ్లకే ఫోన్ చేయండి, మీరే మానేయకండి.

డొనాల్డ్ క్లైన్ అనే సైకియాట్రిస్ట్ న్యూయార్క్‌లో పానిక్ రోగులకు ఇమిప్రమిన్ (పాతకాలపు డిప్రెషన్ మందు) ఇచ్చి చూసి, 1964లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. చచ్చిపోతున్నానంటూ రోజూ నర్సుల దగ్గరికి పరుగెత్తే రోగి, కొన్ని వారాలకు ఆ పరుగు మానేశాడు. అడిగితే మాత్రం మందు పని చేయలేదన్నాడు! తేడా ముందు కనిపెట్టింది నర్సులు.

"మరి ఆల్‌ప్రజోలామ్ (ఆందోళన తగ్గించే మత్తు మాత్ర) వెంటనే తగ్గిస్తుందిగా?" ఈ ప్రశ్నకే నాకు చిరాకు. అది మెదడు జోరు తగ్గించే గాబా అనే రసాయనానికి చెందిన రిసెప్టర్ మీద పని చేస్తుంది, వేగంగానే. కానీ రక్తంలో పూర్తిగా ఎక్కడానికి గంటో రెండు గంటలో పడుతుంది. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, దానంతటదే దిగుతుంది. దిగుతున్నప్పుడు మాత్ర వచ్చి పేరు కొట్టేస్తుంది. మీరేమో మాత్రే కాపాడిందని నమ్ముతారు, రేపు అది జేబులో లేకపోతే ఆ టెన్షన్‌కే ఇంకో అటాక్. పైగా అలవాటవుతుంది. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.

సెరటోనిన్‌కి రక్త పరీక్ష అడిగినవాళ్లకు ఒకటే మాట: డబ్బు దండగ. శరీరంలోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం పేగుల్లో తయారవుతుంది, అది మెదడులోకి వెళ్లదు.

దడ పెంచుతుందని ఫిల్టర్ కాఫీ నేను పొద్దున ఒక్క కప్పుతో ఆపేశాను. మీ ఇష్టం.

అభ్యాసం: ఈసారి అటాక్ వస్తే గడియారం చూసి మొదలు, తారస్థాయి, ముగింపు రాసుకోండి. తర్వాత ఈ పాఠాన్ని సెరటోనిన్ అన్న మాట వాడకుండా మీ అమ్మకి చెప్పండి. ఆవిడ మధ్యలో ఎక్కడ ఆపి ప్రశ్న వేశారో నాకు రాయండి.