అమెరికా గవర్నర్ ఎన్నికను ఎలా గమనించాలి? సిట్టింగ్ గవర్నర్ ఓడిన కెంటకీ ఉదాహరణతో

అమెరికా రాష్ట్రాల గవర్నర్లు మన రాజ్‌భవన్ గవర్నర్ల వంటివారు కారు. ప్రజలే నేరుగా ఎన్నుకునే ఆ పదవి అధికారాల్లో మన ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా ఉంటుంది. శాసనసభలో ఎవరికి మెజారిటీ వచ్చిందన్న దానితో నిమిత్తం లేకుండా గవర్నర్‌కు విడిగా ఓటు వేస్తారు కనుక, ఒక పార్టీకి కంచుకోటగా పేరుపడ్డ రాష్ట్రంలోనూ ఆ పార్టీ గవర్నర్ ఇంటిదారి పట్టవచ్చు. 2016 అధ్యక్ష ఎన్నికలో డొనాల్డ్ ట్రంప్ దాదాపు 30 శాతం పాయింట్ల తేడాతో గెలిచిన కెంటకీలో, 2019 నవంబరు 5న రిపబ్లికన్ గవర్నర్ మాట్ బెవిన్ డెమోక్రాట్ అభ్యర్థి ఆండీ బెషీర్ చేతిలో 5,136 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2026 నవంబరు 3న 36 రాష్ట్రాలు గవర్నర్లను ఎన్నుకోవలసి ఉంది. అక్కడ పిల్లలో, అన్నదమ్ములో ఉన్నందువల్ల ఆ ఫలితాలను గమనించదలచిన వారికి కెంటకీ ఎన్నిక మంచి పాఠ్యాంశం.

1. ముందుగా పోటీ స్వరూపాన్ని తెలుసుకోండి

సిట్టింగ్ గవర్నర్‌కు మళ్లీ పోటీ చేసే అర్హత ఉందో లేదో మొదట చూడాలి. వర్జీనియాలో వరుసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు. కెంటకీలో వరుసగా రెండు పర్యాయాల వరకు చేయవచ్చు. పదవీకాలం చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లు, న్యూహ్యాంప్‌షైర్, వెర్మాంట్‌లలో రెండేళ్లు. ప్రత్యర్థి ఎవరన్నది కూడా ముఖ్యమే. బెషీర్ అప్పటికే రాష్ట్ర అటార్నీ జనరల్‌గా, అంటే రాష్ట్ర ప్రధాన న్యాయాధికారిగా ఉన్నారు. కెంటకీలో ఆ పదవికీ విడిగా ఎన్నిక జరుగుతుంది కాబట్టి, గవర్నర్ నిర్ణయాలను కోర్టుకు ఈడ్చే అధికారం నాలుగేళ్ల పాటు ఆయన ప్రత్యర్థి చేతిలోనే ఉండిపోయింది.

2. ప్రైమరీలో సొంత పార్టీ ఓట్లను లెక్కపెట్టండి

కెంటకీ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, ఆ పార్టీ ఓటర్లుగా నమోదైనవారే ఓటు వేయగలరు. 2019 మే 21న జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో సిట్టింగ్ గవర్నర్ అయిన బెవిన్‌కు వచ్చినవి సుమారు 52 శాతం ఓట్లే. పెద్దగా పేరులేని ఒక శాసనసభ్యుడు 39 శాతం దాకా తెచ్చుకున్నారు. పదవిలో ఉన్న నాయకుడికి సొంత ఇంట్లోనే దాదాపు సగం మంది ఓటు వేయనప్పుడు, ఆ పార్టీ ప్రచార సభల్లో ఎంత జనం కనిపించినా దాన్ని బలంగా లెక్కించకూడదు. పోలింగుకు ముందురోజు లెక్సింగ్టన్‌లో ట్రంప్ స్వయంగా సభ పెట్టినా బెవిన్ గట్టెక్కలేదు.

3. అసంతృప్తి ఏ వర్గంలో పుట్టిందో వెతకండి

ఈ ఎన్నికలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. ‘ప్రభుత్వ వ్యతిరేకత’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఏమీ అర్థం కాదు. ఆ వ్యతిరేకత ఎవరిది, ఎప్పటి నుంచి, దేనిమీద అన్న మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కెంటకీలో అది ఉపాధ్యాయులది. 2018 మార్చి 29న, అంతకుముందు మురుగునీటి సేవలకు సంబంధించిన ఒక బిల్లులోని అంశాలను రిపబ్లికన్లు తీసేసి, దాని స్థానంలో ఉపాధ్యాయుల, ప్రభుత్వోద్యోగుల పింఛను మార్పులను చొప్పించి, కొన్ని గంటల్లోనే ఉభయ సభల్లోనూ ఆమోదింపజేశారు. జనం దానికి ‘మురుగు బిల్లు’ అని పేరు పెట్టారు. ఉపాధ్యాయులు మూకుమ్మడిగా సెలవు పెట్టడంతో అనేక కౌంటీల్లో (ఇవి మన జిల్లాల వంటివి) బడులు మూతపడ్డాయి. రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో వారు వేల సంఖ్యలో నిరసనకు దిగారు. బడులు మూసిన రోజు ఇళ్లలో ఒంటరిగా మిగిలిన పిల్లలు లైంగిక దాడులకు గురై ఉంటారని బెవిన్ ఏప్రిల్‌లో చేసిన వ్యాఖ్య నిప్పుకు నెయ్యి తోడైనట్టయింది.

ప్రతి బిల్లునూ ప్రతి సభలో మూడు వేర్వేరు రోజుల్లో చదవాలని ఆ రాష్ట్ర రాజ్యాంగం చెబుతోంది. ఆ నియమాన్ని పాటించలేదని బెషీర్ దావా వేయగా, 2018 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేసింది. అంతకుముందే, 2018 జులైలో, బెషీర్ తన వెంట లెఫ్టినెంట్ గవర్నర్ (ఉప గవర్నర్) అభ్యర్థిగా విద్యారంగానికి చెందిన జాక్వెలిన్ కోల్‌మన్‌ను నిలబెట్టడంతో, ఎన్నిక దేని చుట్టూ తిరగబోతోందో అప్పుడే తేటతెల్లమైంది.

4. క్రాస్ ఓటింగ్‌ను విడిగా చూడండి

క్రాస్ ఓటింగ్ అంటే ఇక్కడ ఒకే ఓటరు ఒక పదవికి ఒక పార్టీని, మరో పదవికి మరో పార్టీని ఎంచుకోవడం. గవర్నర్ ఎన్నిక జరిగిన రోజే అటార్నీ జనరల్, ఆడిటర్ సహా మిగిలిన ఐదు రాష్ట్రస్థాయి పదవులనూ రిపబ్లికన్లే గెలుచుకున్నారు. కాబట్టి ఆ రాష్ట్రం పార్టీ మారిందనడం పొరపాటు. ఓటర్లు ఒక్క వ్యక్తిని పక్కనపెట్టారు. మూడో అభ్యర్థి ఓట్లనూ వదలకండి. లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థికి వచ్చిన 28,433 ఓట్లు గెలుపోటముల తేడాకు ఐదింతలకు పైగా ఉన్నాయి. అయితే అవన్నీ బెవిన్‌కు పడవలసినవేనని వాదించడానికి ఆధారం లేదు.

5. లెక్కింపును కౌంటీలవారీగా అనుసరించండి

మన ఎన్నికల సంఘంలా రౌండ్ల వారీగా ప్రకటించే జాతీయ సంస్థ అక్కడ లేదు. కౌంటీలు లెక్కిస్తాయి, రాష్ట్రం ధ్రువీకరిస్తుంది, విజేత ఎవరన్నది ముందుగా వార్తాసంస్థలు అంచనా వేసి చెబుతాయి. కెంటకీలో పోలింగు స్థానిక కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. రాష్ట్రంలో రెండు కాలమండలాలున్నందున, నవంబరులో మన గడియారం ప్రకారం తెల్లవారుజామున 4:30కు తూర్పు భాగంలోనూ, 5:30కు పశ్చిమ భాగంలోనూ ముగుస్తుందన్నమాట. మొత్తం 120 కౌంటీల్లో బెషీర్ గెలిచినవి 23 మాత్రమే, కనుక రంగులు వేసిన పటం చూసి మోసపోకూడదు. లూయివిల్ నగరమున్న జెఫర్సన్ కౌంటీ ఒక్కటే ఆయనకు దాదాపు లక్ష ఓట్ల ఆధిక్యం ఇచ్చింది. పొరుగు రాష్ట్రం ఒహైయోలోని సిన్సినాటి నగరానికి ఎదురుగా నది ఇవతల ఉన్న కెంటన్, క్యాంప్‌బెల్ కౌంటీలు 2015లో బెవిన్‌వి; ఈసారి చేజారాయి.

ఇంకా ఏ ఓట్లు లెక్కించవలసి ఉన్నాయో కూడా తెలుసుకోవాలి. 2018లో విస్కాన్సిన్‌లో రాత్రి బాగా పొద్దుపోయాక మిల్వాకీ నగరం నుంచి ముందస్తు ఓట్లు ఒక్కసారిగా వచ్చి పడడంతో టోనీ ఎవర్స్ ముందంజలోకి వచ్చి, సిట్టింగ్ గవర్నర్ స్కాట్ వాకర్‌ను ఓడించారు.

6. తేడా స్వల్పమైతే ఆ రాష్ట్ర చట్టాన్ని చూడండి

ఓట్ల రీకౌంటింగ్ నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. కెంటకీలో బెవిన్ కోరినది పునఃపరిశీలన. అందులో ప్రతి బ్యాలెట్‌నూ మళ్లీ లెక్కించరు, యంత్రాల మొత్తాలను కౌంటీ అధికారులు మరోసారి సరిచూస్తారు. నవంబరు 14న అది ముగిసి తేడా అలాగే నిలవడంతో ఆయన ఓటమిని అంగీకరించారు. ఈ లోపు, ఫలితాన్ని సవాలు చేస్తే శాసనసభ తేల్చవచ్చని రాష్ట్ర సెనేట్ (ఎగువ సభ) అధ్యక్షుడు అనడం కలకలం రేపింది. 1899 ఎన్నికలో అలాగే శాసనసభ తేల్చబోగా, వివాదం మధ్యలో డెమోక్రాట్ అభ్యర్థి విలియం గోబెల్ కాల్పులకు గురై, గవర్నర్‌గా ప్రమాణం చేసి కొద్ది రోజుల్లోనే మరణించారు. విస్కాన్సిన్ కథ వేరు: తేడా 1 శాతానికి మించితే రీకౌంటింగ్ కోరడానికి వీల్లేదన్న చట్టంపై 2017లో సంతకం చేసింది వాకరే, మరుసటి ఏడాది ఆయన ఓడిన తేడా 1.1 శాతం.

7. ప్రమాణ స్వీకారం దాకా వార్తలు వదలకండి

ఓడిన గవర్నర్ చేతిలో అధికారం మరికొన్ని వారాలు ఉంటుంది. బెవిన్ ఆ వ్యవధిలో వందల సంఖ్యలో క్షమాభిక్షలు, శిక్ష తగ్గింపులు మంజూరు చేయగా, హత్య కేసుల్లో శిక్షపడినవారు సైతం వాటిలో ఉండడం పెద్ద దుమారానికి దారితీసింది. డిసెంబరు 10న పదవి చేపట్టిన బెషీర్, అదే రోజు రాష్ట్ర విద్యామండలిని రద్దుచేసి కొత్త సభ్యులను నియమించారు.