గన్నేరుకి పట్టిన పేనుబంక ఎలా పోయిందంటే (నా అనుభవం)

గేటు పక్కన గన్నేరు చెట్టుకి చిగుళ్ల నిండా పసుపు రంగు పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు), కింద ఆకులన్నీ జిగురు, దాని మీద నల్లటి మసి. బూడిద చల్లా, పుల్లమజ్జిగ కొట్టా, షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టా, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే.

ఒకరోజు దగ్గరగా చూస్తే కాండం మీద చీమల బారు, పేను వదిలే ఆ తీపి జిగురు కోసం అవే పేనుకి కాపలా కాస్తాయి, పేనుని తినే అక్షింతల పురుగుల్ని (లేడీబర్డ్స్) దగ్గరికి రానివ్వవు. అందుకే ముందు చీమల దారి మూసేశా. గోడకి తగులుతున్న కొమ్మలు కొట్టేసి (గన్నేరు పాలు విషం, గ్లౌజులు తప్పనిసరి), నేల నుంచి అడుగు ఎత్తులో కాండం చుట్టూ టేపు గట్టిగా చుట్టి దాని మీద వాజిలిన్ మందంగా రాశా, బెరడుకి నేరుగా రాయకండి. తర్వాత మూడు రోజులు పొద్దున్నే పైపు నీళ్లు ఫోర్సుగా చిగుళ్ల అడుగున కొట్టి, నాలుగో రోజు సాయంత్రం లీటరు నీళ్లకి 5 ఎంఎల్ వేపనూనె, కొంచెం లిక్విడ్ సోప్ కలిపి ఆకుల కింద తడిసేలా స్ప్రే చేశా, వారానికి ఇంకోసారి.

రెండు వారాలకి కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయండీ, అక్షింతల పురుగులు కూడా కనిపించాయి! ఇది నా ఒక్క చెట్టు సంగతే, చలి తగ్గడం కూడా కలిసొచ్చిందేమో. మందారానికి పట్టే పిండినల్లికి మాత్రం ఇంత తేలిగ్గా పనిచేస్తుందని చెప్పలేను.