ఇంజన్ స్టార్ట్ కాకపోతే: గన్నవరం విమానాశ్రయం ర్యాంప్ మీద ఏం చూడాలి, టెక్ లాగ్‌లో ఏం రాయాలి

విమానం ఇంజన్ స్టార్ట్ ఆగిపోయిన క్షణంలో తెర మీదున్న అంకెలను వెంటనే కాగితం మీద పెట్టాలి. మాస్టర్ స్విచ్ (ఇంజన్‌ను ఆన్, ఆఫ్ చేసేది) ఆపి మళ్లీ ప్రయత్నించాక వాటిలో కొన్నే కంప్యూటర్ నివేదికలో మిగులుతాయి. గన్నవరం పెద్ద మెయింటెనెన్స్ బేస్ కాదు. ఇక్కడ తప్పుడు భాగం తెప్పించుకుంటే ఆ పూటంతా పోయినట్టే. ఈ కింది అంకెలు సీఎఫ్ఎం56-5బీ ఇంజన్లున్న ఏ320వి. వేరే ఇంజనైతే దాని మాన్యువల్ లెక్కలే పాటించండి.

అన్నీ సవ్యంగా ఉంటే, మాస్టర్ ఆన్ చేయగానే స్టార్ట్ వాల్వ్ (స్టార్టర్‌కు గాలి వదిలేది) తెరుచుకుని ఎన్2 (ఇంజన్ లోపలి హై ప్రెషర్ భాగం తిరిగే వేగం, శాతంలో) పెరుగుతుంది. 16 శాతం దగ్గర ఇగ్నిషన్ (ఇంధనాన్ని అంటించే నిప్పురవ్వ), 22 శాతం దగ్గర ఇంధనం వస్తాయి. ఆ తర్వాత 15 సెకన్లలోపు ఈజీటీ (ఇంజన్ నుంచి బయటికొచ్చే వాయువు ఉష్ణోగ్రత) లేవాలి. 50 శాతం దగ్గర వాల్వ్ మూసుకుంటుంది. స్టార్ట్‌లో ఈజీటీ పరిమితి 725 డిగ్రీలు.

ఎక్కడ ఆగిందన్నదే మొదటి ఆధారం. ఎన్2 అసలు కదలకపోతే బ్లీడ్ ప్రెషర్ (స్టార్టర్‌కు వచ్చే గాలి ఒత్తిడి) చూడండి. మాస్టర్ వేసినా ప్రెషర్ తగ్గలేదంటే వాల్వ్ తెరుచుకోలేదు. ప్రెషర్ తగ్గి కూడా ఎన్2 కదలలేదంటే గాలి స్టార్టర్ దాకా వెళుతోంది కానీ ఇంజన్ తిరగడం లేదు, స్టార్టర్ షాఫ్ట్‌ను అనుమానించాలి. వాల్వే తెరుచుకోకపోతే, ఎంఈఎల్ (ఏ లోపంతో విమానం ఎగరవచ్చో చెప్పే జాబితా) అనుమతిస్తే, ఇంజనీరు కౌలింగ్‌కున్న (ఇంజన్ పై తొడుగుకున్న) రంధ్రంలోంచి దాన్ని చేత్తో తెరవచ్చు. హెడ్‌సెట్‌లో కాక్‌పిట్ చెప్పాకే తెరవాలి, 50 శాతం దగ్గర చెప్పగానే మూయాలి. రెండు ఆదేశాలనూ తిరిగి పలకాలి. హెడ్‌సెట్ సరిగా వినపడకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు.

ఎన్2 బాగానే పెరిగి, ఇంధనం వచ్చి, ఈజీటీ లేవకపోతే ఇగ్నిషన్ వైపు చూడండి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. నేల మీద ఆటో స్టార్ట్‌లో ఫాడెక్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఒకసారికి ఒక ఇగ్నైటర్‌నే వాడుతుంది. అది వెలగకపోతే ఇంధనం ఆపి, ఇంజన్‌ను పొడిగా తిప్పి, రెండో ప్రయత్నంలో రెండు ఇగ్నైటర్లనూ వాడుతుంది. ఇంజన్ లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చచ్చిన ఇగ్నైటర్ మాత్రం లోపలే ఉంటుంది. అందుకే లేచిన స్టార్ట్‌లో కూడా మొదటి ప్రయత్నం ఏ ఇగ్నైటర్‌తో జరిగిందో, ఏ లేదా బీ అని, రాయాల్సిందే. ఫాడెక్ తన వరస పూర్తి చేసేదాకా స్విచ్‌ల జోలికి వెళ్లొద్దు.

ఎన్2 మధ్యలో నిలిచిపోయి ఈజీటీ ఎగబాకుతుంటే సాధారణంగా గాలి చాలడం లేదని అర్థం. మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో ఇది మామూలే. వేడి గాలి పలచబడి ఏపీయూ (తోకలో ఉండే చిన్న ఇంజన్) ఇచ్చే బ్లీడ్ తగ్గుతుంది. తోక వైపు నుంచి గాలి కొడుతుంటే మరీ కష్టం. అనుమతి తీసుకుని విమానం ముక్కును గాలికి ఎదురుగా తిప్పించండి, లేదా ఎయిర్ స్టార్ట్ యూనిట్ (నేల మీద నుంచి గాలి ఇచ్చే బండి) తెప్పించండి. ఈజీటీ 725 దాటితే మాత్రం మళ్లీ ప్రయత్నం లేదు. గరిష్ఠ అంకె, దాటి ఉన్న సెకన్లు రాసి తనిఖీకి అప్పగించాలి.

ఎన్2 20 శాతం పైన ఉండగా స్టార్టర్‌ను మళ్లీ కలపకూడదు. ప్రయత్నాల మధ్య విరామం, చల్లారే సమయం మాన్యువల్‌లో ఉన్నంతా ఇవ్వాలి. ఆలస్యమవుతోందని ఇక్కడ నిమిషాలు మిగిల్చితే స్టార్టర్ పోతుంది.

టెయిల్‌పైప్‌లో (ఇంజన్ వెనక గొట్టంలో) మంట వస్తే కాక్‌పిట్‌లో ఫైర్ వార్నింగ్ మోగదు. చూడాల్సింది కింద హెడ్‌సెట్ మనిషే, వెంటనే చెప్పాలి. పైలట్ మాస్టర్ ఆపి, బ్లీడ్ ఉంచి, ఇంజన్‌ను క్రాంక్ చేయాలి, అంటే ఇంధనం లేకుండా స్టార్టర్‌తో తిప్పాలి. ఫైర్ బటన్ నొక్కకూడదు. నొక్కితే ఫాడెక్‌కు కరెంటు పోయి క్రాంకింగ్ ఆగిపోతుంది. బయటి నుంచి ఫోమ్, పౌడర్ కొట్టడం చివరి మార్గం, అవి ఇంజన్‌ను తినేస్తాయి.

ఇక టెక్ లాగ్, అంటే విమానం లోపాలు, మరమ్మతులు రాసే పుస్తకం. "ఇంజన్ స్టార్ట్ కాలేదు" అని ఒక్క ముక్క రాస్తే తర్వాతి ఇంజనీరుకు ఏమీ తెలియదు. ఇలా రాయండి: "ఇంజన్ 2, ఆటో స్టార్ట్, ఏపీయూ బ్లీడ్. ఇగ్నైటర్ ఏ. ఇంధనం వచ్చింది, 15 సెకన్లలో ఈజీటీ పెరగలేదు. రెండో ప్రయత్నంలో లేచింది." దీనికి ఈకామ్ (కాక్‌పిట్‌లో హెచ్చరికలు చూపే తెర) సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా, ఎన్2 గరిష్ఠాన్ని, బ్లీడ్ ప్రెషర్‌ను, బయటి ఉష్ణోగ్రతను, గాలి దిశను, స్టార్టర్ తిరిగిన సెకన్లను కలపండి. కారణం ఊహించి రాయొద్దు, చూసింది రాయండి. సమయం యూటీసీలో వేయాలి. మన టైమ్ ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక తెల్లవారుజామున 5:20కి జరిగితే యూటీసీ 23:50, తేదీ ముందు రోజుది.

చేసిన పని ఏటీఏ అధ్యాయంతో (విమాన వ్యవస్థలకు ఇచ్చిన సంఖ్యతో) నమోదవుతుంది. స్టార్టింగ్ 80, ఇగ్నిషన్ 74, బ్లీడ్ 36, ఏపీయూ 49. లైసెన్స్ ఉన్న ఇంజనీరు సంతకం పడనిదే విమానం కదలదు. లోపాన్ని ఎంఈఎల్ కింద వాయిదా వేస్తే గడువు కూడా అక్కడే రాయాలి. ఎంఈఎల్‌లోని బీ వర్గం లోపానికి 3 రోజులు, సీ వర్గానికి 10. లోపం నమోదైన రోజు లెక్కలోకి రాదు.