బిగుసుకున్న క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే ముందు జాగ్రత్తలు

ఇంజన్ సిలిండర్ హెడ్ (పైభాగం) పని చేయించి తెచ్చాక, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ చేత్తో తిరగకపోతే, స్పానర్ వేసి బలవంతంగా తిప్పకండి. చాలా అల్యూమినియం హెడ్లలో క్యామ్‌కు విడిగా బేరింగులు ఉండవు, అది నేరుగా హెడ్‌లోనే తిరుగుతుంది. గీసుకుపోయిందంటే హెడ్డే పోతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

• హెడ్ ఇంజన్ మీదే ఉంటే, ఏ పిస్టనూ పైదాకా రాకుండా క్రాంక్ తిప్పి పెట్టండి. లేదంటే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగొచ్చు.

• రాకర్లు, ట్యాపెట్లు (క్యామ్ కదలికను వాల్వులకు అందించే భాగాలు) తీసి చూడండి. క్యామ్ ఒక్కటే అయితే తేలిగ్గా తిరగాలి. స్ప్రింగుల ఒత్తిడినే బిగుతు అనుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

• క్యామ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే క్యాపుల మీద నంబర్లు, బాణం గుర్తులు చూడండి. వాటిని హెడ్‌కు బిగించి, రెంటినీ కలిపి బోర్ చేస్తారు (తొలుస్తారు), కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి పెడితే పట్టేస్తుంది. ముందు అనుమానించాల్సింది దీన్నే. క్యాప్ కింద చిన్న రజను, బోల్టు రంధ్రంలో నిలిచిన ఆయిల్ కూడా ఇబ్బంది పెడతాయి.

• క్యాపులను ఒక్కొక్కటిగా వదులు చేస్తూ తిప్పండి. ఏది వదిలాక తేలికైందో అక్కడ మెరిసే గీత కోసం వెతకండి. అన్నిచోట్లా పట్టేస్తుంటే హెడ్ గానీ క్యామ్ గానీ వంగి ఉండొచ్చు. క్యామ్‌ను వీ బ్లాకుల (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి డయల్ గేజ్‌తో వంపు కొలిపించండి.

• ఎమ్రీ పేపర్‌తో క్యాపులు రుద్దొద్దు.

• టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) లేకుండా బిగించే పని మొదలుపెట్టొద్దు. జర్నళ్లకు (క్యాపుల కింద తిరిగే క్యామ్ గుండ్రటి భాగాలకు) ఆయిల్ రాసి, మాన్యువల్‌లోని వరుసలో, రెండు మూడు విడతలుగా బిగించండి.