కాలువ గట్టు గోడ మీద బొమ్మలు వేయాలంటే

విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల వెంట బొమ్మలేయడానికి గోడలకు కొదవ లేదు. వేసిన ఏడాదికే పెచ్చులూడిన బొమ్మలకూ కొదవ లేదు. ఊడినప్పుడు రంగు కంపెనీని తిడతాం గానీ, చాలాసార్లు సమస్య గోడలోని చెమ్మదే. 40 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు గోడను లెక్కకు తీసుకుని చెబుతాం.

ముందు గోడ ఎవరిదో తేల్చుకోండి. జలవనరుల శాఖది కావచ్చు, కార్పొరేషన్‌ది కావచ్చు, రైల్వేది కావచ్చు. వార్డు సచివాలయంలో మొదట అడగండి. గోడ కొలతలు, బొమ్మ నమూనా జతచేసి అనుమతి కాగితం మీదే తీసుకోండి. నోటిమాట మీద మొదలెడితే సగంలో ఆగుతుంది.

గోడ కింద చెత్త పోస్తుంటే ఆ సంగతి ముందు చూడాలి. దేవుడి బొమ్మ వేస్తే పోయడం మానేస్తారని చాలామంది నమ్మకం. చెత్త పది అడుగులు అవతలికి జరుగుతుంది, అంతే. పారిశుద్ధ్య సిబ్బంది ఏ వేళకు వస్తారో కనుక్కుని వీధిలో అందరికీ చెప్పండి. ఎదురింటివాళ్లనీ, టీ బండి, ఇస్త్రీ బండి వాళ్లనీ బొమ్మ గీయకముందే కలవండి. రోజంతా ఆ గోడను చూసేది వాళ్లే.

ఇక అసలు పని. అడుగు చదరం పాలిథిన్ కవరును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాటిదాకా ఉంచండి. లోపల నీటిబొట్లు కనిపిస్తే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే, ఆగండి. వెల్ల వేసిన గోడ మీద టేపు అంటించి లాగినప్పుడు తెల్లపొడి వస్తే, రేపు రంగు కూడా అలాగే వచ్చేస్తుంది. వైరు బ్రష్‌తో గట్టి ప్లాస్టరింగ్ తగిలేదాకా గీకండి. పేరుకున్న తెల్ల ఉప్పును పొడిగానే దులపండి. కడిగితే కరిగి మళ్లీ లోపలికి పోతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి.

మెరుస్తుందని ఎనామిల్ (ఆయిల్) పెయింటు వాడకండి. చెమ్మ బయటికి రాలేక పొర కింద ఉబ్బుతుంది, ఉడికించిన బంగాళాదుంప తొక్కలా లేచిపోతుంది. చెమ్మ గోడ మీద పైన వార్నిష్ కొట్టినా అదే గతి. బయటి గోడలకు వాడే ఎమల్షనే (నీళ్లు కలిపే రంగు) వేయండి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) 4 లీటర్లు, తెలుపు 4, ఇటుక రంగు 2, మిగతా ఐదు రంగులు లీటరు చొప్పున, నలుపు అర లీటరు తెచ్చుకోండి. గరుకు గోడ ఇంకాస్త తాగుతుంది. డబ్బా మీద రాసిన దానికన్నా ఎక్కువ నీళ్లు కలపకండి. రంగులు షాపులో మెషీన్ మీదే కలిపించండి. చేత్తో కలుపుతూ స్టెయినర్ (రంగు తెప్పించే చిక్కటి ద్రవం) ఎక్కువ పోస్తే రంగు సరిగ్గా ఆరదు, వానకు కారుతుంది. మిరపపండు ఎరుపు, నిమ్మపసుపు పడమటి ఎండకు తొందరగా వెలుస్తాయి. ఇటుక ఎరుపు, మట్టి పసుపు నిలుస్తాయి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. మే నెలలో రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. పడమటి ముఖం గోడయితే మధ్యాహ్నం ఎండ తగిలేలోపే ఆపేయండి.

బొమ్మ ఎంపికలో మాది ఒకటే సలహా: దూరం నుంచి తెలియాలి. అమరావతి శిల్పాల్లోని సన్నని నగిషీ బండి మీద పోయేవాడికి కనిపించదు. కొండపల్లి బొమ్మల తీరు గోడకు బాగా కుదురుతుంది. ముద్ద రంగులు, గుండ్రటి ఆకారాలు కాబట్టి చేయి తిరగనివాళ్లు కూడా నింపగలరు. నమూనాలో అంగుళానికి గోడ మీద అడుగు. నీలిమందు రాసిన నూలుదారాన్ని ఇద్దరు బిగబట్టి మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. అలా అడుగు గళ్లు వేసి, చాక్‌పీసుతో ఆకారాలు గీయండి. బొగ్గు వద్దు, లేత రంగుల్లోకి మసి దిగుతుంది.

ప్రతి ఆకారంలో ఒక అంకె వేయండి, అదే అంకె రంగు డబ్బా మూత మీదా వేయండి. ఒక్కసారి ఐదుగురికి మించి నిలబెట్టొద్దు, మనిషికి ఎనిమిది అడుగులు కావాలి. ఇరవైమంది పిల్లలొస్తే నాలుగు జట్లు చేయండి. నల్ల అంచుగీత మాత్రం ఆఖర్న చేయి తిరిగినవాళ్లే వేయాలి, పొరపాట్లన్నీ దాని కిందికి పోతాయి. బ్రష్‌లు కడిగిన నీళ్లు కాలువలో పోయొద్దు. బకెట్లో తేరనిచ్చి, అడుగున దిగిన ముద్దను ఆరబెట్టి చెత్తబండికి ఇవ్వండి.

గోడ అడుగున రెండడుగుల పట్టీ ఇటుక రంగుతో ఖాళీగా వదలండి. వాన చిందులు, బురద, చెమ్మ ముందు పాడుచేసేది ఆ భాగాన్నే. ఏటా సంక్రాంతి ముందు దానికి ఒక్క పూత వేసి, పాత అరుగుల మీద వేసినట్టు వీధి ఆడవాళ్లు తెల్లగీతల ముగ్గులు వేసుకోవచ్చు. మిగిలిన రంగుల్లో తలా పావు లీటరు గాలి చొరని డబ్బాల్లో, అంకె రాసి, ఆ వీధిలోనే ఒకరింట్లో ఉంచండి. రెండోసారి కలిపించిన రంగు ఎప్పుడూ అచ్చంగా కలవదు.