అటల్ పెన్షన్ యోజనలో చేరాలంటే: ఫారం నింపే ముందు, నింపాక

టైలరింగ్ చేసుకునేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, కౌలుకు సాగు చేసేవాళ్లు, ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లు. వీళ్లెవరికీ పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. ఒంట్లో ఓపిక తగ్గి పని మానేసిన రోజే రాబడీ ఆగిపోతుంది. అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని కేంద్ర ప్రభుత్వం 2015 మే 9న ప్రారంభించిన పథకం అటల్ పెన్షన్ యోజన. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలవుతోంది. పీఎఫ్ఆర్‌డీఏ అనే కేంద్ర సంస్థ దీన్ని నడుపుతుంది. చేరడానికి మాత్రం ఆ సంస్థ దాకా వెళ్లక్కర్లేదు, మీకు ఖాతా ఉన్న బ్యాంకుకో పోస్టాఫీసుకో వెళ్తే చాలు.

వయసు 18 నిండి ఉండాలి, 40 నిండకూడదు. భారత పౌరులై ఉండాలి, సేవింగ్స్ ఖాతా ఉండాలి. 2022 అక్టోబర్ 1 నుంచి ఇంకో షరతు వచ్చింది: ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, అంతకుముందు కట్టినవాళ్లు కొత్తగా చేరకూడదు. దాచిపెట్టి చేరినా ఆ సంగతి బయటపడినప్పుడు ఖాతా మూసేసి, అప్పటిదాకా పోగైన డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. ఒక మనిషికి ఒక్క ఖాతాయే. భార్యాభర్తలు మాత్రం ఎవరికి వారు విడిగా చేరవచ్చు. ఇద్దరూ చేరడమే మంచిదని నా అభిప్రాయం.

ఫారం తీసుకునే ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది: 60 ఏళ్ల తర్వాత నెలకు ఎంత పెన్షన్ కావాలి? వెయ్యి, 2 వేలు, 3 వేలు, 4 వేలు, 5 వేలు అని ఐదు మెట్లున్నాయి. ఎంచుకున్న మెట్టును బట్టి, చేరే నాటి వయసును బట్టి నెలసరి చందా ఖరారవుతుంది. 5 వేల పెన్షన్ కోసం 18 ఏళ్లకే చేరితే నెలకు 210 రూపాయలు, 25 ఏళ్లకు 376, 30 ఏళ్లకు 577, 35 ఏళ్లకు 902 కట్టాలి. 40 దగ్గర పడ్డాక అయితే 1,454. మొత్తం లెక్క వేస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 18 ఏళ్లకు చేరినవాళ్లు 42 ఏళ్లలో కట్టేది 1,05,840 రూపాయలు. చివర్లో చేరినవాళ్లు 20 ఏళ్లలోనే 3,48,960 కట్టాలి. ఇద్దరికీ హామీ ఇచ్చే పెన్షన్ అదే 5 వేలు. అందుకే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లను ఇప్పుడే చేర్పించమని చెబుతాను. నెలకు 210 అంటే ఫోన్ రీచార్జ్ పాటి ఖర్చు.

అయితే ఈ 5 వేలతోనే ముసలితనం హాయిగా గడిచిపోతుందని మాత్రం అనుకోవద్దు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 35 ఏళ్ల తర్వాత చేతికొచ్చే 5 వేలతో ఈరోజు 650 రూపాయలకు దొరికేంతే దొరుకుతుంది. ఇది కష్టంగా అనిపించే లెక్కే, కానీ ముందే తెలియాలి. దీన్ని పునాదిగా పెట్టుకుని, వీలైనప్పుడల్లా పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) లోనో ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) లోనో ఇంకాస్త దాచుకోవాలి. పునాదిగా ఎందుకు పనికొస్తుందంటే, ఎంచుకున్న పెన్షన్‌కు ప్రభుత్వ హామీ ఉంది. పెట్టుబడి మీద రాబడి తగ్గితే ఆ లోటు ప్రభుత్వమే భరిస్తుంది.

బ్యాంకుకు ఆధార్ కార్డు, పాస్‌బుక్, ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకెళ్లండి. చేరిక ఫారం అక్కడే ఇస్తారు. 2025 అక్టోబర్ 1 నుంచి మారిన ఫారమే చెల్లుతుంది, కాబట్టి ఎవరి దగ్గరో ఉన్న పాత జిరాక్స్ మీద నింపి తీసుకెళ్లకండి. కొత్త ఫారంలో మీరు వేరే దేశ పౌరులా, అక్కడ పన్ను కడుతున్నారా అనే ప్రశ్న ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు, నిజం రాస్తే సరిపోతుంది. పేరు, పుట్టిన తేదీ మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. చందాను నెలకోసారి, మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి కట్టవచ్చు. రోజువారీ సంపాదన ఉన్నవాళ్లకు నెలవారీ నయం. పంట చేతికొచ్చినప్పుడే డబ్బు చూసేవాళ్లకు ఆరు నెలల పద్ధతి కుదురుతుంది.

నామినీ గడిని ఖాళీగా వదలడానికి లేదు. పెళ్లయినవాళ్లకు జీవిత భాగస్వామే నామినీ. పెళ్లికాకముందు అమ్మ పేరో నాన్న పేరో రాసి చేరినవాళ్లు పెళ్లయ్యాక బ్యాంకుకు వెళ్లి ఆ వివరాలు మార్పించుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. తర్వాత ఇబ్బంది పడేది వాళ్లు కాదు, వాళ్ల వెనక మిగిలినవాళ్లు. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

ఫారం చివర ఖాతా నుంచి చందా తీసుకోవడానికి అనుమతి ఇస్తూ సంతకం చేయాలి. అక్కడితో పని పూర్తయిందని లేచి రావద్దు, రసీదు ముక్క చింపి ఇచ్చేదాకా ఉండండి. తర్వాత 12 అంకెల ప్రాన్ నంబర్, అంటే మీ శాశ్వత పెన్షన్ ఖాతా నంబర్, కేటాయిస్తారు. ఇకపై ఈ ఖాతాకు సంబంధించి ఏం అడగాలన్నా ఆ నంబరే ఆధారం. నెట్ బ్యాంకింగ్ ఉంటే చాలా బ్యాంకుల్లో ఇంటి నుంచే చేరవచ్చు. అక్కడా ఇవే వివరాలు అడుగుతారు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది చేరాక. చందా ఖాతా నుంచి దానంతట అదే పోతుంది కాబట్టి, ఆ వేళకు అందులో డబ్బుండాలి. ఆలస్యమైతే వందకు, లేదా వందలో ఎంత భాగానికైనా, నెలకు ఒక రూపాయి చొప్పున అదనంగా పడుతుంది. 376 కట్టేవాళ్లకు అది 4 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ నెలలు పేరుకుపోతే బకాయి మొత్తం మీ ఖాతా నుంచి ఒక్కసారిగా కోసేస్తారు. అప్పుడు కోపంతో ఖాతానే మూసేయాలనిపిస్తుంది. ఒకటి రెండు నెలల చందా ఎప్పుడూ ఖాతాలో ఉంచండి. మెట్టు ఎక్కువో తక్కువో అనిపిస్తే మూసేయక్కర్లేదు, ఏడాదికోసారి మార్చుకోవచ్చు. పెంచుకుంటే ఇన్నాళ్ల తేడా సొమ్ము వడ్డీతో కట్టాలి.

60 రాకముందే సొంతంగా మానేస్తే, కట్టిన డబ్బు, దాని మీద నిజంగా వచ్చిన రాబడి, ఖర్చులు పోను చేతికొస్తాయి. హామీ వర్తించదు. ఖాతాదారు 60 లోపే చనిపోతే, మిగిలిన కాలం చందా కడుతూ కొనసాగించడమో, పోగైన డబ్బు తీసుకోవడమో భార్య లేదా భర్త ఎంచుకోవచ్చు. 60 తర్వాత చనిపోతే అదే పెన్షన్ భాగస్వామికి వస్తుంది. ఇద్దరి తర్వాత నిధి, అప్పటికి నామినీగా పేరున్నవాళ్లకు చేరుతుంది. 5 వేల మెట్టుకైతే అది 8.5 లక్షలు, వెయ్యి మెట్టుకు 1.7 లక్షలు.

60 నిండాక పెన్షన్ మొదలుపెట్టమని ఖాతా ఉన్న బ్యాంకులో మళ్లీ దరఖాస్తు ఇవ్వాలి. పథకం మొదలైన ఏడాదిలో 40 దగ్గర చేరినవాళ్లు 2035లో ఆ దరఖాస్తు పెడతారు. ఈరోజు పాతికేళ్లకు చేరేవాళ్లు 35 ఏళ్ల తర్వాత. ఈలోగా ఫోన్ నంబర్ మారుతుంది, ఇల్లు మారుతుంది, బ్యాంకు శాఖే ఇంకో శాఖలో కలిసిపోవచ్చు. మారిన ప్రతిసారీ బ్యాంకులో వివరాలు సరిచేయించండి. ప్రాన్ నంబర్‌ను పాస్‌బుక్ మొదటి పేజీ మీద రాసి, అది ఎక్కడుందో మీ భార్యకో భర్తకో చూపించండి.